మీసం తిప్పితే ఆత్మగౌరవం, జడ కోస్తే అప్రతిష్టా?

మా పెదనాన్న కొడుకు వాట్సాప్ ఫోటోలో మీసం తిప్పుతూ ఉంటాడు. వెనక నీలం జెండా. 2017లో గుజరాత్‌లో, గాంధీనగర్ దగ్గర లింబోదరా అనే ఊళ్ళో, మీసం పెంచినందుకు దళిత కుర్రాళ్ళ మీద దాడులు జరిగాయి. దానికి జవాబుగా ఎందరో దళిత యువకులు మీసం మెలేసిన ఫోటోలు పెట్టుకున్నారు. మా అన్నియ్య అప్పుడు పెట్టుకున్న ఫోటోని ఇప్పటికీ మార్చలేదు. ఆ ఫోటో అంటే నాకూ గర్వమే.

పోయిన ఎండాకాలం నేను నా జడ తీయించేశాను. నడుము దాటిన జుట్టు చెవుల దగ్గరికి వచ్చింది. సాయంత్రానికి ఆ వార్త హిజ్లీ దాటి, ఖరగ్‌పూర్‌లో ఉన్న మా చుట్టాలందరికీ చేరింది. రాత్రి అన్నియ్య ఫోన్ చేశాడు. "మన పరువేటి కావాల? నీకు సంబంధాలు సూస్తన్నామని తెలీదా?" అన్నాడు. చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడినంతసేపూ అతనికి తన ఫోటో ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

ఈ వ్యాసం ఆ ఫోన్‌కి నా జవాబు. అతనొక్కడికే అయితే ఫోన్‌లోనే చెప్పి ఊరుకునేదాన్ని. సభల్లో ఆత్మగౌరవం గురించి మాట్లాడి, ఇంటికొచ్చి చెల్లెలి జడ కొలిచే అన్నయ్యలు మన ఉద్యమంలో చాలామందే ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను చెప్పేది ఒకటే. తన ముఖం మీది వెంట్రుకలు ఎలా ఉండాలో తానే నిర్ణయించుకోవడం దళిత పురుషుడికి ఆత్మగౌరవం అయితే, తన తల మీది వెంట్రుకలు ఎంత ఉండాలో తానే నిర్ణయించుకోవడం దళిత స్త్రీకి కూడా ఆత్మగౌరవమే. మొదటిదాన్ని ఉద్యమం అని, రెండోదాన్ని పొగరు అనే హక్కు ఎవరికీ లేదు.

హిజ్లీ అంటే బయటివాళ్ళకి 1931 సెప్టెంబరు 16 గుర్తొస్తుంది. ఆ రోజు ఇక్కడి నిర్బంధ శిబిరంలో పోలీసులు జరిపిన కాల్పుల్లో ఇద్దరు రాజకీయ ఖైదీలు చనిపోయారు. లేదంటే ఐఐటీ గుర్తొస్తుంది. 1951లో అది మొదలైంది ఆ శిబిరం భవనంలోనే. మాకు మాత్రం హిజ్లీ అంటే మొదట రైలు స్టేషను, ఆంధ్రా వైపు పోయే లైను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్ళు ఆ లైను పట్టుకునే పనికోసం ఖరగ్‌పూర్ వచ్చారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, దాని వెనక ఈ ఊరి తెలుగువాళ్ళే ఉన్నారు. వాళ్ళలో పట్టాలు మోసినవాళ్ళూ, బొగ్గు ఎత్తినవాళ్ళూ, కాలనీలు ఊడ్చినవాళ్ళూ ఎవరో, ఏ కులాలవాళ్ళో చెప్పక్కర్లేదు. మా నాయనమ్మ ఊడ్చినవాళ్ళలో మనిషి. దుమ్ము పడకుండా తలకి పాత చీర ముక్క చుట్టుకుని పనికి పోయేది. ఆదివారం మధ్యాహ్నం మాత్రమే ఆ గుడ్డ విప్పి, ఆముదం రాసి, మాచేత పేలు చూపించుకునేది.

నా జుట్టు చూసి మా అమ్మ అన్న మొదటి మాట ఇది: "ఓలమ్మో, ఎవులు సచ్చిపోనారనే ఇలాగ తీయించీసినావు?" పక్కింటి అప్ప తలుపు దగ్గరే నిలబడి, "గుంటకి టైఫాయిడ్ గానీ వచ్చిందేటి?" అని అడిగింది. చావు, లేకపోతే జబ్బు. మావాళ్ళ దృష్టిలో ఆడదాని జుట్టు పొట్టిగా ఉండటానికి ఈ రెండే కారణాలు. తనకి నచ్చి కోయించుకుంది అనే మూడో కారణం వాళ్ళ ఊహలోకే రాలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలపాటు నేను ఈ విషయం అడగని ఆడమనిషి లేదు. రైలు పట్టాల మీద ట్రాక్ మెయింటైనర్‌గా పనిచేసే అక్కని అడిగాను. భర్త పోయాక కారుణ్య నియామకంలో వచ్చిన ఉద్యోగం ఆమెది. ఎండలో చెమటకి తల పుండ్లు పడుతోందనీ, కోయించుకుంటే ప్రాణం హాయిగా ఉంటుందనీ ఆమే చెప్పింది. మరి కోయించుకోవచ్చు కదా అంటే, "ముండమోసినదాన్ని అని అందరికీ తెలుసు, ఇంక తల కూడా చూపించాలా?" అంది. నర్సింగ్ చదివే అమ్మాయి, తనకి ఇష్టమేగానీ పెళ్ళయ్యాక చూస్తానంది. పెళ్ళయిన ఆమె, అత్తగారు పోయాక చూస్తానంది. చర్చిలో పాటలు పాడే పిన్ని, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం చదువుకోమంది. స్త్రీకి పొడవైన జుట్టు ఘనత అని పౌలు అక్కడ చెప్పాడు. మా అమ్మ మాత్రం అసలు సంగతి చెప్పింది. "మనకి పొలం లేదు, బంగారం లేదు. సూసినోళ్ళకి మంచి ఇంటి పిల్లలాగ కనబడాలంటే ఆ జడే కదే ఉన్నది."

ఈ మాటల్ని అజ్ఞానం అని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. వీళ్ళెవరూ జడ మీద మోజుతో మాట్లాడలేదు. ప్రతి ఒక్కరూ లెక్క వేసి మాట్లాడారు. జడ తీస్తే ఏం పోతుంది, ఉంచితే ఏం దక్కుతుంది అన్న లెక్క. ఆ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో చూడకుండా, కోసుకోవడానికి ధైర్యం లేదు అని తీర్పు చెప్పడం తేలిక.

మన దగ్గర ఆడదాని తల మీద కత్తెర పడటం అంటే శతాబ్దాల తరబడి శిక్షే. భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీకి తల గొరిగేవాళ్ళు. ఆమె కంటికి అందంగా కనబడకూడదు, మళ్ళీ మనిషిగా బతకకూడదు. బోడి అనే మాట తెలుగులో తిట్టు అయింది అందుకే. మనుస్మృతి మూడో అధ్యాయం ఎర్ర వెంట్రుకల పిల్లని పెళ్ళి చేసుకోవద్దు అంటుంది. ఎనిమిదో అధ్యాయం ఒక నేరానికి శిక్షగా స్త్రీకి తల గొరిగించి గాడిద మీద ఊరేగించమంటుంది. పెళ్ళికి అర్హత ఏమిటో, అవమానం ఏమిటో, రెండింటినీ ఆ పుస్తకం ఆడదాని తల మీదే రాసింది. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో దాన్ని తగలబెట్టారు. కానీ ఆ రెండు అధ్యాయాల సారం పెళ్ళిచూపుల్లో ఇంకా బతికే ఉంది. పిల్లని చూడటానికి వచ్చినవాళ్ళు "ఒకసారి వెనక్కి తిరుగమ్మా" అంటే దేనికి అంటారో మన ఆడపిల్లలందరికీ తెలుసు.

దళితుల విషయానికొస్తే కత్తెర రెండు రకాలుగా శిక్షించింది. మొదటిది, అది మన తలని ముట్టలేదు. అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తన చిన్నప్పటి సతారా గురించి చెప్తారు. డబ్బులిస్తామన్నా అంటరానివాళ్ళకి క్షవరం చేసే మంగలి లేడు. అందుకని పిల్లలందరికీ వాళ్ళ అక్కే జుట్టు కత్తిరించేది. చేసి చేసి ఆ పనిలో ఆరితేరింది. ఇది మనందరం చదివిందే. నేను మాత్రం ఆ చోట ప్రతిసారీ ఆగిపోతాను. దేశానికి రాజ్యాంగం రాసిన మనిషి తలకి మొదట కత్తెర పెట్టింది ఒక దళిత ఆడపిల్ల. బడికి పోయే తమ్ముళ్ళు అందరిలా శుభ్రంగా కనబడాలని ఆమె ఆ పని నేర్చుకుంది. మరి ఆమె జుట్టు సంగతి? ఆమె చేతిలో కత్తెర ఉంది. తన తల గురించి నిర్ణయం ఆమె చేతిలో ఉందా? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మనం కూడా ఇన్నేళ్ళుగా అడగలేదు.

రెండో రకం శిక్షలో కత్తెర మన తలని బలవంతంగా ముట్టింది. 1996 డిసెంబరు 29న తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళితుల్ని చిత్రహింసలు పెట్టి, వాళ్ళలో ఇద్దరికి గుండు గీశారు, కనుబొమలు తీసేశారు. ఆ కేసులో తీర్పు రావడానికి 2024 ఏప్రిల్ దాకా పట్టింది. పడిన శిక్ష 18 నెలలు. 2020 జూలైలో అదే జిల్లా సీతానగరంలో ఒక దళిత యువకుడికి సాక్షాత్తూ పోలీస్ స్టేషన్‌లో గుండు గీయించారు. ఆ మరుసటి నెలలోనే విశాఖలో, పనిచేసి మానేసిన ఇంటికి పిలిపించి మరో దళిత యువకుడికి గుండు కొట్టించారు. కులం ఎవరినైనా కించపరచాలనుకుంటే మొదట తల వైపే చూస్తుందని ఈ మూడు ఘటనలూ చెప్తున్నాయి.

అందుకే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో ఈ నేరాన్ని పేరుపెట్టి చేర్చారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. సెక్షన్ 3(1)(ఇ) చూడండి. బలవంతంగా తల గొరగడం, మీసం తీసేయడం రెండూ ఒకే క్లాజులో ఉన్నాయి. మీసాన్నీ తలనూ చట్టం ఒకే గౌరవం కింద లెక్కేసింది. పార్లమెంటు ఒకే వాక్యంలో పెట్టినవాటిని మా అన్నియ్య రెండు వేరు వేరు వాక్యాల్లో పెడుతున్నాడు. మీసానికి హక్కు, జుట్టుకి పరువు.

ఇక్కడ నాకు వచ్చే మొదటి అభ్యంతరం తెలుసు. "అదే కదా మేం చెప్పేది. మనకి గుండు గీసి అవమానించారు. అలాంటప్పుడు మనమే కోసుకోవడం దేనికి?" అంటారు. ఈ తర్కంతో అయితే మనం మీసం గురించి కూడా మాట్లాడలేం. పెంచినందుకు కొట్టారు కాబట్టి పెంచడం తిరుగుబాటు అయింది. రేపు గీసుకున్నందుకు కొడితే గీసుకోవడం తిరుగుబాటు అవుతుంది. అవమానం వెంట్రుకలు పోవడంలో లేదు. ఎవరో పట్టుకుని, మనం వద్దంటుంటే చేయడంలో ఉంది. ఆ క్లాజులో "బలవంతంగా" అన్న మాట తీసేస్తే దేశంలోని ప్రతి సెలూన్ మీదా కేసు పెట్టాలి.

మన సమాజానికి పొట్టి జుట్టుతో నిజంగా ఇబ్బంది ఉందా అంటే, అదీ అనుమానమే. మా ఇళ్ళ నుంచి ఏడాదికి ఎవరో ఒకరు తిరుపతి పోతారు. ఆడవాళ్ళు కూడా కల్యాణకట్టలో కూర్చుని తలనీలాలు ఇచ్చి వస్తారు. పూర్తిగా గుండు. వచ్చాక కాలనీలో ఎవరూ "ఎవులు సచ్చిపోనారు" అని అడగరు. ప్రసాదం తీసుకుని కళ్ళకద్దుకుంటారు. ఆ జుట్టుని దేవస్థానం వేలంలో కోట్ల రూపాయలకి అమ్ముతుంది. దేవుడి పేరు చెప్పి మొత్తం తీసేస్తే భక్తి. తన పేరు చెప్పి సగం తీసేస్తే బరితెగింపు. అంటే అడ్డు జుట్టు పొడవుతో లేదు. ఆడది ఎవరి అనుమతీ లేకుండా తన తల మీద తానే నిర్ణయం తీసుకుందే, దానితో ఉంది.

రాలిన జుట్టు సంగతి కూడా చూడండి. మా సందుల్లోకి సైకిళ్ళ మీద చిక్కు వెంట్రుకలు కొనేవాళ్ళు వస్తారు. దువ్వెనకి వచ్చిన ఉండలు ఇస్తే స్టీలు గిన్నెలో, పది రూపాయలో ఇస్తారు. ఆ ఉండలు పక్కనున్న తూర్పు మేదినీపూర్ జిల్లాలో భగవాన్‌పూర్, చండీపూర్ వైపు పోతాయి. అక్కడ పేద ఆడవాళ్ళు కూర్చుని ఒక్కొక్క వెంట్రుకా విడదీస్తారు. వాటితో విగ్గులు తయారవుతాయి. ఈ వ్యాపారం ఎంత పెద్దదంటే, 2022లో కేంద్రం ముడి జుట్టు ఎగుమతి మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. మన తల మీద ఉన్నంతసేపూ జుట్టు సంస్కృతి. నేల మీద పడ్డ మరుక్షణం సరుకు. ఆ సరుకులో ఎక్కువ లాభం ఎవరికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు. జుట్టు విడదీసే ఆడదానికైతే పోదు.

సంస్కృతి అన్నాను కాబట్టి ఇంకో మాట. తెలుగువాళ్ళ జడ అనగానే కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడని తలుచుకుంటారు. తెర మీదుగా ఆ జడని బయటికి వేసి సవాలు విసరడం ఆ ప్రదర్శనలో పేరున్న ఘట్టం. ఆ జడ వేసుకున్నది తరతరాలుగా బ్రాహ్మణ మగవాళ్ళు. మగవాడు పెట్టుకున్న జడ కళ. ఆడది తీసేసిన జడ అపచారం. దీన్ని సంస్కృతి అని నాకు బోధించేవాళ్ళు ముందు ఈ లెక్క సరిచూసుకోవాలి.

ఇంతవరకూ మావాళ్ళతో పేచీ. ఇంకో వైపు పేచీ కూడా ఉంది. నేను చదువుకున్న ఒక హాస్టల్లో పొట్టి జుట్టు ఉన్న అమ్మాయిలు ఉండేవాళ్ళు. అగ్రకులాల వాళ్ళు, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ క్రాపుని అందరూ ఫెమినిజం అనేవాళ్ళు. నూనె రాసిన నా జడని "పాపం, పల్లెటూరు" అన్నట్టు చూసేవాళ్ళు. నేను కూడా కోయించుకున్నాక నన్ను స్త్రీవాది అంటారనుకున్నారా? "ఒంట్లో బాగోలేదా?" అన్నారు. ఒకే కత్తెర, ఒకే పొడవు. వాళ్ళ తల మీద అది అభిప్రాయం, నా తల మీద అది రోగం. పొట్టి జుట్టు దానంతట అదే విముక్తి అని నమ్మేవాళ్ళు కులం ఎలా చూస్తుందో ఇంకా తెలుసుకోవాలి.

తెలుగులో ఇలాంటి చర్చ కొత్తేమీ కాదు. పైటని తగలెయ్యాలని జయప్రభ కవిత రాస్తే తెలుగు స్త్రీవాదం దాన్ని జెండాగా ఎత్తుకుంది. తర్వాత జూపాక సుభద్ర కొంగు గురించి కవిత రాసి, కష్టం చేసుకునే దళిత స్త్రీకి కొంగుతో ఉన్న సంబంధం వేరని గుర్తుచేశారు. ఆ చర్చని తెచ్చి నన్ను ఒక మిత్రుడు అడిగాడు. "కొంగు మనదైతే జడ కూడా మనదే కదా? నువ్వు సవర్ణ స్త్రీవాదుల దారిలో పోవడం లేదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. నా జవాబు ఇది. కొంగు పనిచేస్తుంది. చెమట తుడుస్తుంది, బిడ్డని మోస్తుంది, గింజలు మూటకడుతుంది, వేడి గిన్నె దించుతుంది. జడ ఏ పనీ చేయదు. దాని కోసం మనం పనిచేస్తాం. ఎండాకాలం కొళాయిలో నీళ్ళు వచ్చే గంటసేపట్లో ముందు తాగే నీళ్ళు పట్టాలా, తల రుద్దుకోవాలా అని లెక్క వేసుకునే ఇంట్లో, నడుము దాటిన జుట్టు ఎంత ఖరీదైనదో మా అమ్మకి తెలుసు. కుంకుడుకాయలు, నూనె, నీళ్ళు, ఆరబెట్టుకునే తీరిక, చిక్కు తీసే ఇంకో మనిషి. ఇవన్నీ ఉన్న ఇంటి అందాన్ని, ఇవేమీ లేని ఇళ్ళ ఆడవాళ్ళు అప్పు చేసి మోస్తున్నట్టు మోస్తున్నారు.

రెండో అభ్యంతరం ఇంకాస్త గట్టిది. మహాడ్‌లో అంబేద్కర్ స్త్రీలతో ఏం చెప్పారు? చీర కట్టే తీరు మార్చుకోమన్నారు. పైకులాల స్త్రీలలా కట్టమన్నారు. మెడలో, చేతుల నిండా వేసుకునే ఆ వెండి, కంచు నగలు తీసేయమన్నారు. "మంచి ఇంటి పిల్లలాగ కనబడాలి" అని మా అమ్మ అన్నదీ అదే కదా? మరి జడ ఉంచుకోవడమే అంబేద్కర్ దారి కాదా?

ఆయన అలా ఎందుకు చెప్పారో చూడాలి. ఆ కట్టూ ఆ నగలూ చూడగానే ఫలానా కులం అని తెలిసిపోయేది. ఆ గుర్తుని చెరిపేయమన్నారు. ఒళ్ళు కులానికి సాక్ష్యం చెప్పకూడదు అన్నది ఆయన సూత్రం. అగ్రకుల స్త్రీని జీవితాంతం అనుకరించమని ఆయన చెప్పలేదు. 1951లో హిందూ స్త్రీ ఉత్థాన పతనాల మీద ఆయన రాసిన వ్యాసం చదివితే, ఆ స్త్రీ ఎంత పతనంలో ఉందో, దానికి మనువు ఎంత కారణమో ఆయనే విప్పి చెప్తారు. పతనం అని ఆయన అన్నదాన్ని మనం గౌరవం అనుకుని మోయడం ఏ రకంగా ఆయన దారి అవుతుంది? ఆ నాటి స్త్రీలు ఏళ్ళ తరబడి ఒంటిమీద ఉన్న నగల్ని తీసేశారు. చుట్టాలు వాళ్ళని కూడా "పరువేటి కావాల" అనే ఉంటారు.

మన ఉద్యమం పొరుగువాళ్ళు ఇంకా ముందుకు పోయారు. స్త్రీలు జుట్టు కత్తిరించుకోవాలని, మగవాళ్ళలాగే సులువైన బట్టలు వేసుకోవాలని పెరియార్ సభల్లో పదే పదే చెప్పారు. అంతకన్నా ముందు, 1890లో బొంబాయిలో, సత్యశోధక సమాజ్ నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే ప్రోత్సాహంతో క్షురకులు వితంతువులకి తల గొరగబోమని నిర్ణయించుకున్నారు. దాంతో ఆ రోజు కూలి పోతుందని వాళ్ళకి తెలుసు. అయినా ఇష్టంలేని తల మీద కత్తి పెట్టబోమన్నారు. ఆ క్షురకులకి తెలిసిన సంగతి ఇవాళ డిగ్రీలున్న మనవాళ్ళకి చెప్పాల్సి వస్తోంది.

బౌద్ధాన్ని మన దారి అని చెప్పుకుంటాం. మహాపజాపతి గోతమి కథని మర్చిపోతాం. స్త్రీలకి సంఘంలో ప్రవేశం కావాలని కపిలవస్తులో ఆమె అడిగింది. మూడుసార్లు కాదనిపించుకుంది. అప్పుడు ఆమె ఏం చేసింది? తన జుట్టు తానే తీసేసుకుంది. కాషాయం కట్టుకుంది. శాక్య స్త్రీలని వెంటబెట్టుకుని, కాళ్ళు వాచిపోయేలా నడిచి, వైశాలి చేరింది. అనుమతి తర్వాత వచ్చింది. జుట్టు ముందే పోయింది. ఆ వరస గమనించండి. భిక్కుణి సంఘం ఒక స్త్రీ అనుమతి లేకుండా తీసుకున్న నిర్ణయంతో మొదలైంది. మన అమరావతి స్తూపం శాసనాల్లో దానాలు చేసిన భిక్కుణుల పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. తల గొరిగించుకున్న ఆడవాళ్ళు గౌరవంగా తిరిగిన నేల ఇది. బోడి అనే మాట తిట్టు అయింది ఆ తర్వాత. ఎవరు ఆ మాటని తిట్టు చేశారో తెలుసుకోవడం అంబేద్కరైట్లకి పెద్ద కష్టం కాకూడదు.

చర్చికి పోయే పిన్నికి కూడా ఒక మాట. నీ మీద నాకు కోపం లేదు. మనవాళ్ళు ఆ పుస్తకం పట్టుకున్నది మనిషిగా నిలబడటానికి. ఊరి గుడి రానివ్వనప్పుడు అది మనల్ని రానిచ్చింది. క్రీస్తులో పురుషుడనీ స్త్రీ అనీ లేదని గలతీయులకు రాసింది కూడా ఆ పౌలే. ఒక పత్రిక మన తల మీద ముసుగు వేయడానికి, ఇంకోటి గోడ మీద క్యాలెండరుకి అయితే ఎలా?

చివరి అభ్యంతరం ఎప్పుడూ ఒకటే. "భూమి లేదు, ఉద్యోగాలు పోతున్నాయి, రిజర్వేషన్లకి గండి పడుతోంది, హత్యలు జరుగుతున్నాయి. ఇప్పుడు నీకు జుట్టు గొడవా?" మీసం ఫోటో పెట్టినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మగవాడి ముఖం రాజకీయం, ఆడదాని తల చిల్లర విషయం అని ఎవరు నిర్ణయించారు? చిల్లర విషయమే అయితే దానికి సంబంధాలు ఎందుకు తప్పిపోతున్నాయి? ఆ రాత్రి ఫోన్ ఎందుకు వచ్చింది? నాకు చూస్తున్న సంబంధం ఒకటి నిజంగానే తప్పిపోయింది. అబ్బాయి ఉద్యమంలో ఉన్నవాడే. "అమ్మావాళ్ళు ఒప్పుకోవట్లేదు" అని కబురు పంపాడు. మీసం పెంచుకోవడానికి అతను వాళ్ళ అమ్మని అడిగాడని నేననుకోను.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. అందరూ కోయించుకోండి అని నేను అనడం లేదు. జడ ఇష్టపడి ఉంచుకున్నవాళ్ళు ఉంచుకోండి. మా నాయనమ్మ తలగుడ్డ విప్పి ఆముదం రాసుకున్న ఆ ఆదివారాలు నాకు తెలుసు. వారంలో ఆమె తనకోసం చేసుకున్న పని అదొక్కటే. దాన్ని తక్కువ చేసే ఫెమినిజం నాకు వద్దు. పట్టాల మీద పనిచేసే ఆ అక్క భయానికి కారణం ఉంది. ఆమెకి ధైర్యం చెప్పడానికి ముందు ఆమెని ముండమోసినదని పిలిచే నోళ్ళు మూయించాలి. ఆ పని ఆమెది కాదు, మనది.

అందుకే అడిగేది మా ఆడవాళ్ళని కాదు. మీసాలున్న అన్నయ్యల్ని. ఏప్రిల్ 14న మీరు స్టేజీ ఎక్కుతారు. మహాడ్ గురించి చెప్తారు. లింబోదరా గురించి, వెంకటాయపాలెం గురించి చెప్తారు. చెప్పండి. ఆ పక్కనే, మన ఇళ్ళలో పెళ్ళిచూపులకి పిల్లని వెనక్కి తిరగమని అడగబోమని కూడా చెప్పండి. జుట్టు కోయించుకున్న చెల్లెలి గురించి చుట్టాలు ఫోన్ చేస్తే, "అది దాని తల" అని ఒక్క మాట అనండి. సంబంధం తప్పిపోతే పోనీయండి. నాకైతే బాధ లేదు. ఇంటికి పోయాక నా తలని కొలిచేవాళ్ళు ముందే తెలిసిపోయారు.

మా అమ్మ ఇప్పటికీ నా తల చూసి నిట్టూరుస్తుంది. మొన్న ఎండ మండిపోతున్న మధ్యాహ్నం మాత్రం తన జుట్టు ముడి విప్పి, "జానెడు తగ్గిస్తే ఎవులికీ తెలీదేమో కదే?" అని అడిగింది. తెలుస్తుందమ్మా అన్నాను. తెలిస్తే తెలవనీ అని ఇంకా అనలేదు. ఆలోచిస్తోంది. ఆలోచించుకునే హక్కు ఆమెది, కత్తెర ఎప్పుడు అడిగినా ఇవ్వాల్సిన బాధ్యత మాది.

జై భీమ్.